‘మ్యాన్’ అని కొడితే మాన్యువల్ ఎలా వస్తుంది? దాని వెనకున్న ప్యాకేజీల కథ

ఇంట్లో బీటెక్ కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలుంటే ఈ దృశ్యం చూసే ఉంటారు. ల్యాప్‌టాప్‌లో నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. అది లినక్స్ టెర్మినల్. అక్కడ ఏదైనా కమాండ్ ఎలా వాడాలో గుర్తు రాకపోతే ‘మ్యాన్’ అని కొట్టి, పక్కన ఆ కమాండ్ పేరు రాస్తే చాలు. దాని వివరాలన్నీ తెర మీదకు వస్తాయి. మ్యాన్ అంటే ఇక్కడ మనిషి కాదు, మాన్యువల్. దీనికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. నెట్ బంద్ చేసిన పరీక్ష ల్యాబ్‌లో, బయటి కనెక్షన్ ఇవ్వని సర్వర్ మీద చాలాసార్లు చేతిలో ఉండే సహాయం ఇదొక్కటే.

అయితే ఆ పేజీ తనంతట తాను రాదు. దాన్ని అందంగా పేర్చి చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్ని ఎలా ప్యాక్ చేశారు, దాని గురించి ఏం రాసి పెట్టారు అన్న దాని మీదే ఆ సహాయం దొరకడం, దొరక్కపోవడం ఆధారపడి ఉంటుంది.

వెతికేది ఒకటి, పేర్చేది ఇంకొకటి

డెబియన్, ఉబుంటు వంటి లినక్స్‌లలో ఈ పనిని రెండు సాఫ్ట్‌వేర్లు పంచుకుంటాయి. మొదటిది మ్యాన్-డీబీ. అడిగిన పేజీ ఎక్కడుందో వెతికి తెస్తుంది. రెండోది గ్రాఫ్. తెచ్చిన పేజీని చదవడానికి వీలుగా పేరుస్తుంది.

మాన్యువల్ పేజీ అసలు ఫైల్ తెరిచి చూస్తే ఏమీ అర్థం కాదు. చుక్కతో మొదలయ్యే లైన్లు కనిపిస్తాయి. అవన్నీ ఆదేశాలు. ఇక్కడ శీర్షిక పెట్టు, ఇక్కడ కొత్త పేరా మొదలుపెట్టు, ఈ మాట బోల్డ్ చెయ్యి అని చెప్తాయి. గ్రాఫ్ వాటిని పాటిస్తూ తెర వెడల్పుకు తగ్గట్టు లైన్లు సర్దుతుంది. అదే ఫైల్‌ను ప్రింట్‌కు పనికొచ్చే పీడీఎఫ్‌గా కూడా మార్చగలదు.

పేటెంట్ ఆఫీసులో పుట్టిన అవసరం

ఈ కథ అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది. యూనిక్స్ తయారు చేస్తున్న కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ బృందానికి కొత్త మెషిన్ కావాలి. కంపెనీ పేటెంట్ విభాగానికి దరఖాస్తులు చక్కగా టైప్ చేసి ఇచ్చే సాఫ్ట్‌వేర్ కావాలి. ఆ పని చేసిపెడతామని చెప్పి ఈ బృందం మెషిన్ సంపాదించింది. పేటెంట్ విభాగం టైపిస్టులు యూనిక్స్ తొలి వాడకందారుల్లో ఉన్నారు. వాళ్లు వాడిన అక్షరాలు పేర్చే ప్రోగ్రామ్ పేరు రాఫ్.

1971 నవంబర్‌లో యూనిక్స్ మొదటి మాన్యువల్ వచ్చింది. తర్వాత జో ఒసానా అనే ఇంజినీర్ ఎన్‌రాఫ్, ట్రాఫ్ రాశారు. 1977లో ఆయన చనిపోయాక బ్రయాన్ కెర్నిగన్ ఆ పని ముందుకు తీసుకెళ్లారు. 1990లో జేమ్స్ క్లార్క్ అందరూ ఉచితంగా వాడుకునేలా గ్రాఫ్ తెచ్చారు. నేటికీ చాలా లినక్స్ సిస్టమ్స్‌లో నడుస్తున్నది అదే.

ఒక సాఫ్ట్‌వేర్, రెండు ప్యాకేజీలు ఎందుకు?

గ్రాఫ్ చాలా పనులు చేస్తుంది. పుస్తకాలు పేర్చడం, గణిత సూత్రాలు రాయడం, బొమ్మలు గీయడం దాని ఖాతాలోనే ఉన్నాయి. కానీ మాన్యువల్ చదవాలనుకునే మామూలు మనిషికి ఇవన్నీ అక్కర్లేదు. అందుకే డెబియన్ దాన్ని రెండుగా విడదీసింది. ‘గ్రాఫ్-బేస్’ అనే చిన్న ప్యాకేజీలో మాన్యువల్ పేజీలు చూపించడానికి కావలసింది ఉంటుంది. ‘గ్రాఫ్’ అనే ప్యాకేజీలో మిగతాది ఉంటుంది. మ్యాన్-డీబీని ఇన్‌స్టాల్ చేస్తే గ్రాఫ్-బేస్ దాంతో పాటే వచ్చేస్తుంది. నెలకు సరిపడా సరుకులు, పెళ్లికి సరిపడా సరుకులు వేర్వేరుగా కట్టి పెట్టినట్టు.

ప్యాకెట్ మీద లేబుల్

కొనే ముందు ప్యాకెట్ వెనక ఏముందో చదువుతాం కదా, ఇక్కడా అంతే. డెబియన్‌లో ప్రతి ప్యాకేజీకి రెండు రకాల వివరణ రాయాలి. ఒకటి ఒక్క లైన్‌లో, 80 అక్షరాలు దాటకుండా. రెండోది కాస్త వివరంగా. ఈ ప్యాకేజీ పేరే ఎప్పుడూ వినని వ్యక్తి కూడా ఇది తనకు కావాలా వద్దా అని తేల్చుకునేలా ఉండాలన్నది నియమం. సాఫ్ట్‌వేర్ డాక్యుమెంట్ నుంచి ఉన్నదున్నట్టు కాపీ కొట్టి పెట్టకూడదు.

చిన్న పనే అనిపిస్తుంది. కానీ ‘గ్రాఫ్-బేస్’ వివరణలో మాన్యువల్ పేజీల మాట లేకపోతే ఏమవుతుంది? ఎవరో ఒకరు ఇదేదో పాతకాలం టైపింగ్ సరంజామా అనుకుని తీసేస్తారు. ఆ తర్వాత మాన్యువల్ అడిగితే రాదు.

మాన్యువల్ పేజీలకూ ఇలాంటి ఒక్క లైన్ లేబులే ఉంటుంది. పేజీ పైన కమాండ్ పేరు, చిన్న గీత, ఆ పక్కన అది చేసే పని. కమాండ్ పేరు తెలియనప్పుడు ‘అప్రోపోస్’ అనే మరో కమాండ్‌తో పని పేరు చెప్పి వెతకొచ్చు. అది మామూలుగా ఈ లైన్లలోనే వెతుకుతుంది. ఆ లైన్ సరిగ్గా రాయకపోతే పేజీ ఉండీ లేనట్టే.

ఇప్పుడు ఇంకో సమస్య వచ్చింది. క్లౌడ్‌లో వాడే చిన్న సైజు డెబియన్ ఇమేజ్‌లలో స్థలం ఆదా కోసం మాన్యువల్ పేజీలు తీసేస్తున్నారు. ఉబుంటు చిన్న ఇమేజ్‌లోనూ అంతే. అక్కడ మళ్లీ తెచ్చుకోవడానికి ‘అన్‌మినిమైజ్’ అనే కమాండ్ ఇచ్చారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ‘మ్యాన్ పనిచేయట్లేదేంటి’ అని కంగారు పడటానికి ఇదొక కారణం.

గ్రాఫ్ ఒక్కటేనా?

కాదు. 2008లో క్రిస్టాప్స్ జోన్సన్స్ మ్యాన్‌డాక్ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. ఇది మాన్యువల్ పేజీల కోసమే తయారైంది. చిన్నది, వేగంగా పని చేస్తుంది. ఓపెన్‌బీఎస్‌డీ 2010లోనే గ్రాఫ్‌ను పక్కన పెట్టి దీన్ని తీసుకుంది. ఆల్పైన్ లినక్స్ కూడా దీన్నే వాడుతుంది.

భాష దగ్గర వచ్చే చిక్కు

ఇంగ్లీష్ వాళ్లకు కుదిరింది అందరికీ కుదరదు. జపనీస్ అక్షరాలు సరిగ్గా చూపించడానికి డెబియన్ ఏళ్ల తరబడి గ్రాఫ్ పాత వెర్షన్‌కే ప్రత్యేక మార్పులు చేసుకుని నెట్టుకొచ్చింది. 2009లో వచ్చిన 1.20 వెర్షన్‌లో యూనికోడ్ ఫైళ్లు చదివే ఏర్పాటు చేరింది. ఆ తర్వాతే డెబియన్ కొత్త వెర్షన్‌కు మారగలిగింది. అప్పటిదాకా ఆ బరువు మోసింది ప్యాకేజీ చేసే వాలంటీర్లే.

జర్మన్, ఫ్రెంచ్, జపనీస్ మాన్యువల్ పేజీలకు డెబియన్‌లో విడిగా ప్యాకేజీలున్నాయి. తెలుగుకు లేదు, ఉర్దూకూ లేదు. పైగా ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తాం. గ్రాఫ్ ఎడమ నుంచి కుడికి పేర్చేలా కట్టిన సాఫ్ట్‌వేర్. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కలిసి ఒక అక్షరంగా మారతాయి. ఒక్కో గుర్తుకు ఇంత వెడల్పు అని లెక్కేసుకునే పాత పద్ధతికి అది సరిగ్గా ఇమడదు.

కానీ ప్యాకేజీ వివరణలను సొంత భాషలోకి మార్చడానికి డెబియన్‌లో ఒక అనువాద ప్రాజెక్టు నడుస్తోంది. అందులో చేరడానికి ప్రోగ్రామింగ్ రావాల్సిన పని లేదు, డిగ్రీ ఏదని ఎవరూ అడగరు. కావలసింది రెండు భాషలు, కాస్త ఓపిక. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీష్ నేర్చిన పిల్లలు మన దగ్గర తక్కువేం లేరు. సెలవుల్లో రోజుకు ఒక్క లైన్ రాసినా, ఎక్కడో ఒకరికి తమ భాషలో దారి దొరుకుతుంది.