మావాడే కొట్టాడట!

నిరుడు ఆషాఢంలో బడినుంచి కబురొస్తే, మావాడికే ఏదో అయిందని పరుగెత్తాను. మేం హొసూరులో మూడు తరాలుగా ఉంటున్నాం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. అయినా ఆరో తరగతిలో మావాణ్ణి తోటిపిల్లలు ‘గొల్టీ’ అని ఏడిపించేవారు. "పట్టించుకోకురా" అని సరిపెట్టాను.

తీరా వెళితే, ఈసారి ఏడిపించింది మావాడే! పనికోసం ఒడిశా నుంచి వచ్చినవాళ్ల అబ్బాయి. తమిళం రాదని నెలరోజులుగా వెంటపడుతున్నారట, ముగ్గురు కలిసి. ఆరోజు అన్నం డబ్బా లాక్కుని తోసేస్తే పెదవి చిట్లింది.

ఇంటికొచ్చాక చెయ్యెత్తాను. మా అమ్మ అడ్డుపడింది. "నువ్వూ కొడితే వాడికి తెలిసేదేమిట్రా, బలమున్నవాడిదే రాజ్యమనేగా!" రాత్రి పడుకోబోతూ వాడన్నాడు: "నన్నన్నప్పుడు నువ్వు ఊరుకోమన్నావుగా నాన్నా." నాకు నిద్ర పట్టలేదు. 2023లో మన రాష్ట్రంలోనే, నాంగునేరిలో, తోటివిద్యార్థులే ఓ ప్లస్‌టూ అబ్బాయి ఇంట్లోకి చొరబడి నరికిన సంగతి గుర్తొచ్చింది. అదీ వెక్కిరింతలతోనే మొదలై ఉంటుంది కదా!

హెడ్‌మిస్ట్రెస్‌గారు నన్ను మళ్లీ పిలిపించి నార్వే కథ చెప్పారు. 1982లో అక్కడ ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసుకుంటే, మరుసటి ఏడే ప్రభుత్వం దేశమంతటా ఉద్యమం నడిపింది. డాన్ ఓల్వేయుస్ అనే మనస్తత్వవేత్త బెర్గెన్‌లో 42 బడుల్లో ఓ పద్ధతి పెట్టి చూస్తే, రెండేళ్లలో వేధింపులు దాదాపు సగానికి తగ్గాయట. ఖర్చేమీ లేదు. విరామవేళ పెద్దవాళ్లు పిల్లలమధ్య తిరగాలి. తరగతిలో తరచు కూర్చుని మాట్లాడుకోవాలి. ఎవరినీ వేధించం, వేధింపు పడేవాడికి సాయపడతాం, ఒంటరివాణ్ణి కలుపుకుంటాం - ఇవీ కట్టుబాట్లు. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి "చేతులు కలపండిరా" అనడం మాత్రం కూడదు. తోసినవాడితో విడిగా, దెబ్బతిన్నవాడితో విడిగా మాట్లాడాలి, తల్లిదండ్రుల్నీ పిలవాలి. (మా కాలంలో బెత్తం ఒక్కటే పద్ధతి!)

ఇప్పుడు ఇంటర్వెల్‌లో కుళాయిల దగ్గర ఒక టీచరు నిలబడుతున్నారు. శుక్రవారం చివరి పీరియడ్ పిల్లల మాటలకే. ఇంట్లో నేనూ "మార్కులెన్ని?" అనడానికి ముందు "ఎవరితో కూర్చుని తిన్నావు?" అని అడుగుతున్నాను. మొదట్లో విసుక్కున్నాడు.

నేనొక్కణ్ణే ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి తండ్రిని క్షమించమన్నాను. ఆయన ఒడియా, నా తమిళం. సగమే అర్థమై ఉంటుంది. టీ ఇచ్చారు.

ఆ అబ్బాయి ఇప్పటికీ మావాడి పక్కన కూర్చోడు. డబ్బా ఒళ్లో పెట్టుకునే తింటాడట. మావాడే చెప్పాడు, తలెత్తకుండా.