వేళకాని వేళ వచ్చినా... విస్తరి సిద్ధం!

హోటల్‌కి వెళ్లగానే ముందుగా చూసేది మెనూ. కొత్తగా ఏముంది, ధరెంత... ఇదే ఆరా! కోనసీమలో ఒకప్పుడు ధరలూ వేళలూ లేని భోజనశాల ఒకటుండేది. అదే లంకల గన్నవరంలోని డొక్కా సీతమ్మగారి ఇల్లు.

సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. అడిగినవారికల్లా అన్నం పెట్టే తండ్రి భవానీశంకరాన్ని ఊరంతా 'బువ్వన్న' అనేవారట. ఓసారి ప్రయాణంలో భోజనవేళై ఆ ఇంట ఆగిన డొక్కా జోగన్నగారు, సీతమ్మగారి మర్యాదకు ముచ్చటపడి ఆమెను పెళ్లాడారని చెబుతారు. అలా పుట్టింటి అలవాటు అత్తింటికీ వచ్చింది.

అవి వంతెనలు అరుదైన రోజులు. తాటిపాక, రాజోలు వైపు వెళ్లేవారైనా, అంతర్వేది యాత్రికులైనా గోదావరి పాయల్ని దాటాల్సిందే. పడవ తప్పితే రేవులో పడిగాపులే. వరదొస్తే లంకల్లో పొయ్యి వెలగడమే కష్టం. అలాంటివారు ఏ అర్ధరాత్రి తలుపు తట్టినా సీతమ్మగారు మళ్లీ ఎసరు పెట్టేవారు. కులమేదని అడిగేవారు కాదట.

పనసపొట్టు కూర, కంద బచ్చలి... కోనసీమలో ఏ ఇంట్లోనైనా వండేవే. ఎంతమంది వస్తారో తెలియకుండా, రేపటికి గాదెలో గింజలు మిగులుతాయో లేదో లెక్కచూసుకోకుండా పొయ్యి వెలిగించడమే ఆ వంటింటి సాహసం!

ఒకసారి ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకిలో బయల్దేరారు. దారిలో ఓ పెళ్లిబృందం ఎదురైంది. ఆకలితో ఏడుస్తున్న పిల్లల్ని 'సీతమ్మగారి ఇంటికెళ్తే అన్నం తినొచ్చు' అని పెద్దవాళ్లు ఊరడిస్తున్నారు. ఆ మాట వినగానే పల్లకి వెనక్కి తిప్పించారు. వాళ్లకన్నా ముందే ఇల్లు చేరి వంట మొదలుపెట్టారు. స్వామి దర్శనం సంగతి తర్వాత! ఈ కథ కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవాలకు పిలుపొచ్చినా వెళ్లలేదనీ, ఆమె ఫొటో తీయించుకుని పంపారనీ ప్రతీతి. 1909లో సీతమ్మగారు కన్నుమూశారు.

పి.గన్నవరం దగ్గర 2000లో ప్రారంభమైన కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని అవతలి గడ్డకు చేర్చేది అదే. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరు పెట్టింది. పొలానికి నీళ్లు, బడిలో పిల్లలకు అన్నం... సీతమ్మగారి పేరు నిలవడానికి ఇంతకన్నా తగిన చోట్లేముంటాయి!