నాలుగు చింతపిక్కలు, నాలుగు లక్షల కోట్లు

"అమ్మా, నాకు లెక్కలు రావు. బడి మానేసి ఎక్స్‌పోర్ట్ కంపెనీలో కుట్టుపనికి పోతా," అంది మా చిన్నది. తొమ్మిదో తరగతి. మిల్లు మూసినప్పటి నించి మన పేటలో ఎన్ని ఇళ్లలో వినలేదు ఈ మాట?

నేను తిట్టలేదు. నాలుగు చింతపిక్కలు నేలమీద పోశాను. ఎన్ని రకాలుగా కుప్పలు పెట్టొచ్చు? నాలుగూ ఒకే కుప్ప, మూడు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి, ఒకటి, అన్నీ విడివిడిగా. ఐదు రకాలు. పది పిక్కలైతే 42. రెండొందలైతే? 3972999029388! దాదాపు నాలుగు లక్షల కోట్లు. సెకనుకొకటి లెక్కపెట్టినా లక్షా పాతికవేల ఏళ్లు పడుతుంది.

ఈ లెక్కకి సూత్రం కట్టిన రామానుజన్ 1912లో మన మద్రాసు హార్బరు ఆఫీసులో నెలకు 30 రూపాయల గుమాస్తా. కాలేజీ పరీక్ష తప్పినవాడే. అంతకుముందు నెల్లూరు కలెక్టరు రామచంద్రరావుగారు నెలనెలా డబ్బిచ్చి ఆదుకున్నారు. 1914లో ఇంగ్లండు వెళ్లి, హార్డీ దొరతో కలిసి 1918లో ఆ సూత్రం అచ్చువేయించాడు. మెక్‌మహన్ అనే ఆయన 200 దాకా చేత్తో లెక్కగట్టి పట్టిక రాశాడు. సూత్రం చెప్పిందీ, ఆయన రాసిందీ ఒకటే!

ఆ పట్టికలోనే రామానుజన్ ఇంకోటి కనిపెట్టాడు. పిక్కల సంఖ్య చివర 4 గానీ 9 గానీ ఉంటే, రకాల సంఖ్య ఎప్పుడూ 5తో నిశ్శేషంగా భాగం పోతుంది.

"తొమ్మిది పిక్కలకి 30 రావాలి, చూడు," అన్నాను.

రాత్రి పదైనా చిన్నది లేవలేదు.

"28 వచ్చాయమ్మా. రెండు ఎక్కడో తప్పాయి. లైటు ఆపకు."