సెల్లారులో తేమ: డీహ్యూమిడిఫయర్‌ను ఎంచుకోవడం ఎలా?

ఆగస్టు నెలలో గోదావరిఖని బజారులోని ఏదైనా పాత వాణిజ్య సముదాయం కింది సెల్లారులోకి దిగి చూడండి. మెట్ల మీదే ఒక ముక్క వాసన తగులుతుంది. గోడ కింది భాగంలో సున్నం పెచ్చులూడి ఉంటుంది. అట్టపెట్టెలు అడుగున మెత్తబడి ఉంటాయి. అక్కడ బట్టల మూటలో, ఎరువుల బస్తాలో ఉంటే నష్టం డబ్బుతో పోతుంది. పాత ఫైళ్లు, సర్వీసు పుస్తకాలు, భవిష్యనిధి కాగితాలు ఉంటే మాత్రం లెక్క వేరు. బొగ్గు గనుల ప్రాంతంలో ఒక కార్మికుడి పుట్టిన తేదీ, చేరిన తేదీ, నామినీ పేరు ఒక్కోసారి ఒకే ఒక్క పాత కాగితంలో ఉంటాయి. దానికి బూజు పట్టి అక్షరాలు చెరిగిపోతే ఆ ఇంటివాళ్లు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇలాంటి సెల్లారుకు ‘మంచి మెషిన్ ఒకటి కొనిపడేద్దాం’ అనుకోవడం సహజం. అయితే ఏ మెషిన్, ఎంత సామర్థ్యం అనేది దుకాణదారుడు చెప్పే చదరపు అడుగుల లెక్కతో తేలదు. గాలిలో తేమను గురించి మీరు భౌతికశాస్త్రంలో చదువుకున్న రెండు మూడు విషయాలతోనే తేలుతుంది.

తేమ ఎక్కడి నుంచి వస్తోంది?

మొదట తేల్చుకోవలసినది ఇది. సెల్లారులోకి నీరు రెండు దారుల్లో వస్తుంది: నేల నుంచి గోడల గుండా, లేదా బయటి గాలితో పాటు ఆవిరిగా. గోదావరి ఒడ్డు ఊళ్లలో వానాకాలం భూగర్భ జలం పైకి లేస్తుంది. ఆ నీరు కాంక్రీటు, ఇటుకల సన్నని రంధ్రాల గుండా కేశనాళికీయత వల్ల ఎక్కి వస్తుంది. గోడ మీద తెల్లటి ఉప్పు పొర కనబడితే అది దాదాపు నేల నీరే.

దీన్ని పరీక్షించడానికి ఖర్చు లేదు. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ షీటును గోడకు ఆనించి, నాలుగు అంచులా గాలి చొరకుండా టేపు అంటించండి. నేల మీద ఇంకొకటి అంటించండి. ఒకటి రెండు రోజుల తరువాత చూడండి. షీటు లోపలి వైపు, అంటే గోడ వైపు తడి చేరితే నీరు గోడ నుంచి వస్తోంది. గది వైపు తడి ఉంటే ఆ నీరు గాలిలోది. లోపలి వైపు ధారగా తడి ఉన్నప్పుడు ఎంత ఖరీదైన డీహ్యూమిడిఫయర్ పెట్టినా అది గోదావరిని తోడే ప్రయత్నమే అవుతుంది. ముందు బయటి కాలువ, వాటర్‌ప్రూఫింగ్, సంపు, మోటారు. ఆ తరువాతే మెషిన్.

తలుపు తెరిస్తే ఆరుతుందా?

‘కాస్త గాలి ఆడనివ్వండి, అదే ఆరిపోతుంది’ అని పెద్దలు అంటారు. మే నెలలో వారి మాట నిజం. ఆగస్టులో నిజం కాదు. ఎందుకో అంకెల్లో చూద్దాం.

గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు. ఒక ఘనపు మీటరు గాలి 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 17 గ్రాములు, 28 డిగ్రీల వద్ద 27 గ్రాములు, 30 డిగ్రీల వద్ద 30 గ్రాముల ఆవిరితో సంతృప్తమవుతుంది. ఉన్న ఆవిరికి, పట్టగలిగిన ఆవిరికి గల నిష్పత్తిని శాతంలో చెబితే అది సాపేక్ష ఆర్ద్రత.

మే నెల మధ్యాహ్నం బయట 44 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 20 శాతం అనుకోండి. ఆ గాలిలో ఘనపు మీటరుకు సుమారు 12.5 గ్రాముల ఆవిరే ఉంటుంది. అది 28 డిగ్రీల సెల్లారులోకి దిగి చల్లబడినా ఆర్ద్రత 50 శాతం దాటదు. తలుపు తెరవండి, హాయిగా ఆరుతుంది. ఇప్పుడు ఆగస్టు సాయంత్రం: బయట 30 డిగ్రీలు, 80 శాతం. ఘనపు మీటరుకు 24 గ్రాముల పైనే ఆవిరి. అదే గాలి 28 డిగ్రీలకు చల్లబడితే ఆర్ద్రత 90 శాతానికి చేరుతుంది. నీటిబొట్లు కనబడవు. ఎందుకంటే ఈ గాలి తుషార స్థానం సుమారు 26 డిగ్రీలు, మన గోడ అంతకన్నా వెచ్చగానే ఉంది. కాని బూజుకు నీటిబొట్లు అక్కరలేదు. 80 శాతం దాటిన తేమ కొన్నాళ్లు నిలిస్తే కాగితానికి, తోలుకు, చెక్కకు బూజు పడుతుంది. కంటికి పొడిగా కనబడే గది కాగితానికి తడి గది కావచ్చు.

చలి దేశాల పుస్తకాల్లో ఇచ్చే సలహాలు మనకు సరిగ్గా అతకకపోవడానికి కారణం కూడా ఇదే. అక్కడి నేలమాళిగ గోడ 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. కొన్ని అడుగుల లోతున నేల ఉష్ణోగ్రత ఆ ఊరి ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి రామగుండంలో మన గోడ 28 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది.

గనిలో ఏం చేస్తారు?

మీ ఇంట్లో ఎవరైనా సింగరేణి భూగర్భ గనిలో పనిచేసి ఉంటే తేమ అంటే ఏమిటో వారికి మనకన్నా బాగా తెలుసు. గనిలో వెంటిలేషన్ సిబ్బంది రెండు థర్మామీటర్లున్న పరికరాన్ని గిరగిరా తిప్పి కొలత తీస్తారు. ఒక బల్బు పొడిగా ఉంటుంది, రెండోదానికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. గాలి పొడిగా ఉంటే తడిగుడ్డ నుంచి నీరు త్వరగా ఆవిరై ఆ బల్బు బాగా చల్లబడుతుంది. మనిషి ఒంటి మీది చెమట చేసే పని కూడా అదే. అందుకే బొగ్గు గనుల నిబంధనలు గాలి మామూలు ఉష్ణోగ్రతను కాక తడి బల్బు ఉష్ణోగ్రతను పట్టించుకున్నాయి. పనిచేసే చోట అది 33.5 డిగ్రీలు దాటకూడదు, 30.5 దాటితే అక్కడ గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో కదలాలి.

మరి అక్కడ డీహ్యూమిడిఫయర్లు పెట్టరెందుకు? లెక్క వేసి చూడండి. ఒక ఫ్యాను సెకనుకు 100 ఘనపు మీటర్ల గాలిని గనిలోకి పంపుతోందనుకుందాం. ఘనపు మీటరుకు 24 గ్రాముల చొప్పున రోజుకు 207 టన్నుల నీరు ఆవిరి రూపంలో లోపలికి పోతోంది. అందులో పావు వంతు తీయాలన్నా రోజుకు 50 టన్నులు. కాబట్టి గనిలో ఉపాయం గాలిని ఆపడం కాదు, కదిలించడం. సెల్లారులో ఉపాయం దీనికి సరిగ్గా తిరగబడుతుంది: గాలిని ముందు ఆపాలి, ఆ తరువాత ఆరబెట్టాలి.

ఎన్ని లీటర్ల మెషిన్?

60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల సెల్లారును తీసుకుందాం. ఘనపరిమాణం 24,000 ఘనపు అడుగులు, అంటే సుమారు 680 ఘనపు మీటర్లు. 28 డిగ్రీల వద్ద 90 శాతం నుంచి 55 శాతానికి దించాలి. ఘనపు మీటరుకు 24.5 గ్రాముల నుంచి 15 గ్రాములకు, అంటే 9.5 గ్రాములు తీయాలి. మొత్తం గదికి ఆరున్నర లీటర్ల లోపే. ఇంతేనా అనిపిస్తుంది. ఆ గదిలో అదే గాలి కదలకుండా ఉంటే ఇంతే.

కాని షట్టరు కింది సందు, మెట్ల దారి, వెంటిలేటర్లు ఊరుకోవు. గంటకు గదిలోని గాలిలో సగం మారిపోతోందనుకోండి. అప్పుడు గంటకు 340 ఘనపు మీటర్ల బయటి గాలి వస్తుంది. ఒక్కో ఘనపు మీటరూ 9.3 గ్రాముల అదనపు నీటిని మోసుకొస్తుంది. రోజుకు 76 లీటర్లు! అదే వెంటిలేటర్లకు మూతలు బిగించి, షట్టరు అడుగున రబ్బరు పట్టీ వేసి, మెట్ల దగ్గర దానంతటదే మూసుకునే తలుపు పెట్టి ఈ మార్పును గంటకు పదో వంతుకు తగ్గిస్తే రోజుకు 15 లీటర్లు మాత్రమే. కొద్దిపాటి రబ్బరు పట్టీ చేసే పని పెద్ద మెషిన్ కూడా చేయలేదు. ఈ విషయం అమ్మేవాడు చెప్పడు. ఒక చిన్న హెచ్చరిక: జనరేటరు గాని, వాహనాలు గాని ఉండే సెల్లారును ఇలా బిగించకూడదు. అక్కడ పొగ, విషవాయువులు బయటికి పోవడం తేమకన్నా ముఖ్యం. ఫైళ్ల గదిని విడిగా గోడ కట్టి వేరుచేయడమే దారి.

ఈ 15 లీటర్లకు గోడల నుంచి వచ్చే చెమ్మ 5 లీటర్లు అనుకుని కలపండి. ముగ్గురు మనుషులు ఎనిమిది గంటలు పనిచేస్తే వారి శ్వాస, చెమటల నుంచి ఇంకో లీటరు పైచిలుకు. మొత్తం రోజుకు 21 లీటర్లు.

ఇక మెషిన్ మీద రాసిన అంకెను ఎలా చదవాలో చూడండి. మన మార్కెట్లో ‘రోజుకు 50 లీటర్లు’ అని ఉంటే అది చాలాసార్లు 30 డిగ్రీలు, 80 శాతం తేమ వద్ద తీసిన లెక్క. మనం గదిని ఉంచాలనుకునే 55 శాతం దగ్గర గాలిలో నీరు తక్కువ కాబట్టి అది తీసే నీరు దాదాపు సగానికి పడిపోవచ్చు. పరీక్ష పరిస్థితి మారితే అంకె ఎంత మారుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడ 2019లో పరీక్షా ఉష్ణోగ్రతను సుమారు 27 డిగ్రీల నుంచి 18 డిగ్రీలకు తగ్గించారు. దాంతో 70 పింట్ల మెషిన్‌గా అమ్ముడైనదే 50 పింట్ల మెషిన్ అయింది. మెషిన్ మారలేదు, అంకె మారింది. కనుక ‘ఏ ఉష్ణోగ్రత వద్ద, ఎంత తేమ వద్ద?’ అని అడగకుండా లీటర్ల అంకెను నమ్మకండి. మన సెల్లారుకు 30 డిగ్రీలు, 80 శాతం లెక్కన 50 నుంచి 60 లీటర్ల సామర్థ్యం కావాలి. ఒక్క 60 లీటర్లదాని కన్నా 30 లీటర్లవి రెండు కొనడం నా దృష్టిలో మేలు. ఒకటి మరమ్మతుకు పోయినా రెండోది గదిని కాపాడుతూ ఉంటుంది.

ఏ రకం?

మన వాతావరణానికి కంప్రెసర్ రకమే సరైనది. అది ఫ్రిజ్ లాగే పనిచేస్తుంది: చల్లని తీగచుట్ట మీద గాలి తుషార స్థానం కన్నా కిందికి చల్లబడి నీటిని వదులుతుంది. తేమ పీల్చే పదార్థంతో చేసిన చక్రం తిరిగే రకం చల్లని గదుల్లో రాణిస్తుంది, మనకు అనవసరంగా కరెంటు తింటుంది. చేతిలో పట్టేంత చిన్న పెల్టియర్ పెట్టెలు రోజుకు లీటరు కూడా తీయలేవు. బీరువాలో పెట్టుకోవచ్చు, సెల్లారులో కాదు.

డీహ్యూమిడిఫయర్ గదిని చల్లబరచదని గుర్తుంచుకోండి. ఒక లీటరు ఆవిరి నీరుగా మారేటప్పుడు దాదాపు 0.68 యూనిట్ల గుప్తోష్ణం విడుదలవుతుంది. దానికి మెషిన్ వాడిన కరెంటు తోడవుతుంది. గది కొంచెం వేడెక్కుతుంది. యూనిట్‌కు రెండు లీటర్ల నీరు తీసే మెషిన్ అయితే మన 21 లీటర్లకు రోజుకు పదిన్నర యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకుంటే రోజుకు 105 రూపాయలు. వానాకాలం నాలుగు నెలలకు పన్నెండు వేల పైమాట. కొనే ధరతో పాటు ఈ ఖర్చునూ వేసుకోవాలి.

నమ్మకంగా నడవాలంటే

నేను చూసిన ఒక సెల్లారులో మెషిన్ మంచిదే. అయినా బూజు ఆగలేదు. కారణం బకెట్. ఆరు లీటర్ల బకెట్ రాత్రి పదింటికి నిండి మెషిన్ దానంతటదే ఆగిపోయేది. పొద్దున పదింటికి ఎవరో వచ్చి పారబోసేవారు. అంటే సగం రోజు అది ఉత్త పెట్టె. పైపు ద్వారా నీరు నిరంతరం పోయే ఏర్పాటు తప్పనిసరి. సెల్లారు నేల బయటి కాలువకన్నా పల్లంలో ఉంటుంది కాబట్టి నీటిని పైకి ఎత్తే చిన్న పంపు కూడా కావాలి.

కరెంటు పోయి వచ్చాక దానంతటదే మళ్లీ మొదలయ్యే సౌకర్యం ఉందా అని అడగండి. లేకపోతే ఆదివారం పోయిన కరెంటుకు మంగళవారం దాకా మెషిన్ నిద్రపోతుంది. వోల్టేజి ఊగిసలాడే చోట స్టెబిలైజరు పెట్టండి. ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైనది దుమ్ము. ఓపెన్‌కాస్టు గనుల చుట్టుపక్కల బొగ్గు ధూళి ఫిల్టరును కంపెనీ పుస్తకంలో రాసిన గడువు కన్నా ముందే మూసేస్తుంది. ఫిల్టరు మూసుకుంటే గాలి తగ్గి తీగచుట్ట మీద మంచు కట్టి నీరు రావడం ఆగిపోతుంది. వారానికోసారి తీసి కడగండి. విడిభాగాలు, గ్యాసు నింపే మెకానిక్ కరీంనగర్‌లోనో గోదావరిఖనిలోనో దొరికే కంపెనీయే మనకు మంచి కంపెనీ. పేరు ఎంత పెద్దదన్నది తరువాత.

చివరిగా, మెషిన్ మీద ఉన్న తేమ అంకెను గుడ్డిగా నమ్మవద్దు. అది మెషిన్ పక్కనున్న గాలి లెక్క. విడిగా ఒక డిజిటల్ ఆర్ద్రతామాపకం కొని గదిలో దూరపు మూలన, ఫైళ్ల మధ్య పెట్టండి. దాన్ని సరిచూసుకోవడానికి చిన్న మూతలో ఉప్పు వేసి ముద్దలా తడిసేంత నీరు కలపండి. దాన్ని ఆర్ద్రతామాపకంతో పాటు బిగుతైన డబ్బాలో ఎనిమిది గంటలు ఉంచండి. 75 శాతం దగ్గర చూపాలి. 70 చూపితే ఆ పరికరం చెప్పినదానికి 5 కలుపుకోండి.

అభ్యాసం

1. సెల్లారులో పొడి బల్బు 28 డిగ్రీలు, తడి బల్బు 26.5 డిగ్రీలు చూపితే సాపేక్ష ఆర్ద్రత సుమారు 89 శాతం. మెషిన్ పెట్టిన వారం తరువాత పొడి బల్బు 28 వద్దే ఉండి తడి బల్బు 21కి దిగితే సుమారు 53 శాతం. తడి బల్బు ఎందుకు దిగిందో మీ మాటల్లో రాయండి.

2. పొడవు, వెడల్పు 30 అడుగుల చొప్పున, ఎత్తు 10 అడుగులు ఉన్న గదిలో గంటకు గాలిలో ఐదో వంతు మారుతోంది. పై పాఠంలోని ఆగస్టు గాలినే తీసుకుని, బయటి గాలి వల్ల రోజుకు ఎన్ని లీటర్ల నీరు వస్తుందో లెక్కించండి. (జవాబు: సుమారు 11 లీటర్లు.)

3. మీకు తెలిసిన ఒక సెల్లారులోనో, గోదాములోనో ప్లాస్టిక్ షీటు పరీక్ష చేసి, తడి ఏ వైపు చేరిందో, దానిని బట్టి మీరు ముందు ఏ పని చేయిస్తారో ఒక పేజీలో రాయండి.