బూడిదలో పోస్తే... బండరాయే!

కష్టం వృథా అయితే 'బూడిదలో పోసిన పన్నీరు' అంటాం. పన్నీరు సంగతేమో కానీ బూడిదలో పోయాల్సింది పోస్తే బండరాయిలా గట్టిపడుతుంది. సిమెంటు అక్కర్లేని ఆ కాంక్రీటు పేరే జియోపాలిమర్‌. 1970ల్లో ఫ్రెంచి శాస్త్రవేత్త జోసెఫ్‌ డేవిడోవిట్స్‌ పెట్టిన పేరది.

బూడిదకు బెజవాడలో కొదవేముంది! ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్‌ విద్యుత్కేంద్రంలో 1979 నుంచీ బొగ్గు మండుతోంది. మన బొగ్గు వంద కిలోలు కాలిస్తే ముప్ఫై నలభై కిలోలు బూడిదే మిగులుతుంది. దానికి సున్నం, జిప్సం కలిపి కాల్చకుండానే ఇటుకలు చేసే 'ఫాల్‌-జి' పద్ధతి మన విశాఖలోనే పుట్టింది. జియోపాలిమర్‌ దాని తర్వాతి మెట్టు.

బూడిదలో సిలికా, అల్యూమినా ఉంటాయి. కాస్టిక్‌ సోడా, సోడియం సిలికేట్‌ ద్రావణం పోస్తే అవి కరిగి, మళ్లీ వలలా అల్లుకుని బిగుస్తాయి. సున్నపురాయిని కాల్చే పనే లేదు. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్‌ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం సిమెంటు తయారీదే మరి!

చిక్కల్లా పాళ్ల దగ్గరే. ఉత్త బూడిదైతే గట్టిపడేందుకు 60 డిగ్రీల దాకా వేడి చూపించాలి. ఉక్కు కర్మాగారాల్లో మిగిలే స్లాగ్‌ పొడి కలిపితే అందులోని కాల్షియం వల్ల మామూలు వాతావరణంలోనే బిగుస్తుంది. అది మరీ ఎక్కువైతే మేస్త్రీ తాపీ ఎత్తేలోగానే బిగుసుకుని, ఆపైన పగుళ్లిస్తుంది. కాస్టిక్‌ సోడా తగ్గితే బలం చాలదు, పెరిగితే ఖర్చు. పైగా చేతులు కాలతాయి.

ఖర్చు తగ్గించే దారీ డెల్టాలోనే ఉంది. రైసుమిల్లుల్లో మిగిలే ఊకబూడిదలో అత్యధిక భాగం సిలికానే. దాన్ని కాస్టిక్‌ సోడాతో ఉడికిస్తే సోడియం సిలికేట్‌ తయారవుతుంది.

ఇదంతా ప్రయోగశాల ముచ్చటేనా? కాదు. ఆస్ట్రేలియాలో 2014లో ప్రారంభమైన వెల్‌క్యాంప్‌ విమానాశ్రయానికి వాడింది ఇలాంటి కాంక్రీటే. మనదేశంలోనూ ముందే పోతపోసి అమర్చే దిమ్మెల్లాంటి వాటికి 2020లో భారతీయ ప్రమాణాల సంస్థ మార్గదర్శకాలిచ్చింది. విద్యుత్కేంద్రాలు బూడిదను నూటికి నూరుపాళ్లూ వినియోగించాలని 2021 చివర్లో కేంద్రం ఆదేశించింది కూడా.

ఇటుకబట్టీల కోసం తవ్వేది పొలాల పైమట్టిని. అడుగు మట్టి పోతే, అంత సారం మళ్లీ చేరడానికి తరాలు పడుతుంది. బూడిద గోడలెక్కితే... మట్టి పొలంలోనే ఉంటుంది, వరి పండుతూనే ఉంటుంది!