వినునది చెవియా, వెలయా?

గోదావరీ మండలముల సోదరీమణులకు సంగీతరుచిని మేము క్రొత్తగా నేర్పవలసిన పని లేదు. 1922లో ద్రాక్షారామమున జనించిన ఈమని శంకరశాస్త్రిగారు, 1936లో కాకినాడలో జనించిన వారి శిష్యులు చిట్టిబాబుగారు, 1930లో శంకరగుప్తమున జనించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు, ఈ మువ్వురును ఈ గడ్డ కన్న బిడ్డలే. వీరి కచేరీలకు పోలేని గృహిణులు 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము వెలసిన పిమ్మట ఇంటనే కూర్చుండి సంగీతము వినుటకు వీలు కలిగెను. నేడు ఆ వీణనే వినిపించుటకు వేయి రూపాయల యంత్రమును కలదు, లక్ష రూపాయల యంత్రమును కలదు. వెల హెచ్చినకొలది నాదము మేలగునా? ఆ భేదము మన చెవికి నిజముగా తెలియునా?

"మంచి చెవి గలవారికి తెలియును" అని అంగళ్ళలో చెప్పుట కలదు. ఈ చిన్నమాటలో పెద్ద చిక్కు దాగియున్నది. తెలియలేదన్నచో తన చెవియే మంచిది కాదని ఇల్లాలు ఒప్పుకొన్నట్లగును. అందుచే తెలియకున్నను తల యూపవలసి వచ్చును. ఇంటి సొమ్ము పోవుట యొక నష్టము. తన తీర్పుపై తనకు నమ్మకము పోవుట అంతకంటె పెద్ద నష్టము.

యంత్రములన్నియు నొక్కటే యని మేము చెప్పుట లేదు. మీడియం వేవు రేడియోలో పైస్థాయి ధ్వనులు చాలవఱకు కత్తిరింపబడును, ఎఫ్.ఎం. ప్రసారమున సెకనుకు 15,000 కంపనముల వఱకు గల ధ్వనులు వచ్చును. తంబురా శ్రుతి యొకదానిలో మసకగాను, వేఱొకదానిలో తేటగాను ఉండుట పసిపిల్లలకును తెలియును. ఇట్లే లౌడ్‌స్పీకర్ల నడుమ భేదములును స్పష్టముగా వినబడును. వివాద మెచ్చటనన, వెలగల తీగలు, ఆంప్లిఫయర్లు, సూక్ష్మతరమగు రికార్డింగులు మొదలగువానిని గూర్చియే.

ఇచ్చట చెవితోపాటు కన్నును, ఆశయు కూడ వినుచుండును. 1915 మొదలు 1925 వఱకు అమెరికాలో ఎడిసన్ సంస్థవారు సభలు చేసి, చీకటిలో గాయని పాటయేదో, యంత్రపు పాటయేదో చెప్పుడని ప్రేక్షకులను కోరిరి. అనేకులు పోల్చుకొనలేక విస్తుపోయిరట. ఆ కాలపు రికార్డును నేడు విన్నవారికి ఇది నవ్వు పుట్టించును. ఆ సభలలో పాడిన అన్నా కేస్ అను గాయని, యంత్రపు ధ్వనికి సరిపోవునట్లు తన కంఠమును తగ్గించి పాడితినని తరువాత తానే చెప్పినది.

1994లో హార్మన్ సంస్థలో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అను శాస్త్రజ్ఞులు 40 మందిచే లౌడ్‌స్పీకర్లను పరీక్షింపజేసిరి. కంటితో చూచుచు విన్నపుడు పెద్దవియు, వెలగలవియు నెక్కువ మార్కులు పొందెను. చిన్నది, చౌకది వెనుకబడెను. తెర యడ్డముంచినపుడు ఆ యంతరము తగ్గిపోయెను. పరీక్షకు కూర్చున్నవారు ఆ సంస్థలోని యుద్యోగులే! తెలిసినవారి చెవియే కంటికి లోబడినపుడు మన చెవిని తప్పుపట్టనేల?

2007లో బోస్టనులో మెయర్, మొరాన్ అనువారు సూక్ష్మతరమగు డిస్కును, మామూలు సి.డి. స్థాయికి దించిన అదే పాటను మార్చి మార్చి వినిపించిరి. 554 పర్యాయములలో సరియైన జవాబులు 276. బొమ్మా బొరుసా యని రూపాయి నెగురవేసినను ఇంచుమించుగా నింతే వచ్చును. ఐనను న్యాయముగా రెండవ పక్షమును చెప్పవలెను. 2016లో జాషువా రీస్ 18 పరీక్షల ఫలితములను కలిపి చూడగా నూటికి 52 పైచిలుకు సరియైన జవాబులు తేలెను. శిక్షణ పొందినవారిలో మఱికొంత హెచ్చు. కావున భేదము బొత్తిగా లేదనుటకు వీలు లేదు. అది యెంత సన్ననిదో మాత్రము ఈ యంకెలే చెప్పుచున్నవి.

వయసు సంగతియు మఱువరాదు. సెకనుకు 20,000 కంపనముల ధ్వని పసివాండ్రకు వినబడవచ్చును. అఱువది యేండ్లు వచ్చునప్పటికి 12,000 దాటినవి చాలమందికి వినబడవు. తాతగారికై కొనిన యంత్రపు మెఱుగును మనుమరాలు మాత్రమే వినగల యిండ్లు గలవు.

ఇంటనే చేయదగిన పరీక్ష యొకటి చెప్పెదము. రెండు యంత్రములను దుప్పటి చాటున నుంచుడు. రెండింటి బిగ్గఱ సమానముగా నుండవలెను. రవంత బిగ్గరగా మ్రోగునది మంచిదిగా తోచుట చెవి స్వభావము. ధ్వనిని కొలుచుటకు నేటి ఫోనులలో సాధనము గలదు. ఒకరు చాటున నిలిచి, రూపాయి నెగురవేసి, పడిన దానినిబట్టి ఏదో యొక యంత్రముపై అదే పాట పెట్టవలెను. వినువారు ఏదో చెప్పి, కాగితముపై వ్రాయవలెను. పది పర్యాయములలో తొమ్మిదైనను సరిపోయినచో భేదము వినబడినదని నమ్మవచ్చును. ఊహతో అట్లు సరిపడుట నూటి కొక్కసారి మాత్రమే సంభవించును. ఐదాఱు సరిపోయినచో, వెలగలదానికై అప్పు చేయవలసిన పని లేదు.

మిగిలిన సొమ్మును మొదట మంచి లౌడ్‌స్పీకర్లకు వినియోగింపుడు. పిదప గదిని చూడుడు. నున్నని బండలు పఱచి, గోడలు బోసిగా నున్న గదిలో లక్ష రూపాయల యంత్రమును ప్రతిధ్వనితో మాటలను మింగును. దళసరి తెరయు, తివాచీయు, గుడ్డలు నిండిన బీరువాయు ఆ మ్రోతను పీల్చును. తీగ మాటకు వచ్చినచో, తగినంత లావు గల మామూలు రాగితీగ చాలును.

వెలగల యంత్రము చూడ ముచ్చటగా నుండి, చిరకాలము మన్నునని కొనుటలో దోషము లేదు. ఐతే దేనికి వెల యిచ్చుచున్నామో ఎఱిగి కొనవలెను. ఇత్తడిబిందెను మ్రోయించి చూచి కొను గృహిణి, పాట వినిపించు పెట్టెను మాత్రము ఒకరి మాటపై కొననేల? దుప్పటి యడ్డము కట్టి విని, తన చెవి చెప్పిన తీర్పును ధైర్యముగా నిలుపుకొనుగాక.