తబుల – పలక: ఒక లాటిన్ నామవాచకం, ఒక అనువాద సమస్య

ప్రవేశిక

మార్కాపురం పేరు వినగానే తెలుగువారికి స్ఫురించేది పలక. కంభం శిలాశ్రేణికి చెందిన, పొరలుగా చీలే రాయిని పలుచగా కోసి, చెక్కచట్రం బిగించి చేసిన బడిపలకలపై ఎన్నో తరాల పిల్లలు అక్షరాలు దిద్దారు. లాటిన్‌లో ఈ పదానికి అర్థరీత్యా దగ్గరైనది ‘తబుల’. ఈ రెంటి పోలిక ‘తబుల రాస’ అనే తాత్త్విక పదబంధాన్ని తెలుగు చేయడంలోని చిక్కును స్పష్టపరుస్తుంది.

అర్థం, వ్యాకరణం

‘తబుల’కు మూలార్థం చెక్కపలక. రాతపలక, శాసనఫలకం, చిత్రఫలకం, పట్టిక అనేవి విస్తృతార్థాలు. క్రీ.పూ. 5వ శతాబ్దపు రోమన్ న్యాయసంహితకు ‘పన్నెండు ఫలకాల శాసనం’ అని పేరు. వ్యాకరణరీత్యా ఇది మొదటి రూపావళికి చెందిన స్త్రీలింగ నామం. ఏకవచనంలో ప్రథమ ‘తబుల’, ద్వితీయ ‘తబులమ్’, షష్ఠి ‘తబులై’. బహువచనంలో ప్రథమ ‘తబులై’, షష్ఠి ‘తబులారుమ్’.

వారసపదాలు

స్పానిష్ ‘తాబ్లా’, పోర్చుగీసు ‘తాబువా’ చెక్కపలక అనే మూలార్థాన్ని నిలుపుకున్నాయి. ఇటాలియన్ ‘తావొలా’, ఫ్రెంచ్ ‘తాబ్ల్’, ఇంగ్లీషు ‘టేబుల్’ బల్లకు పేర్లయ్యాయి. జర్మన్ ‘టాఫెల్’ తరగతిగదిలోని నల్లబల్లను కూడా సూచిస్తుంది. ఇంగ్లీషు ద్వారా తెలుగు వాడుకలోకి టేబుల్ (బల్ల), టేబుల్స్ (ఎక్కాలు), టాబ్లెట్ (మాత్ర) చేరాయి. పలకపై ఎక్కాలు రాసే విద్యార్థి వాటిని ‘టేబుల్స్’ అన్నప్పుడు, పలకకు సమానార్థకమైన లాటిన్ పదపు వారసరూపాన్నే పలుకుతున్నాడు.

అనువాద సమస్య

‘రాస’ అనేది ‘గీకు’ అనే అర్థం గల ‘రాదెరె’ ధాతువు నుండి ఏర్పడిన కర్మణి భూతకృదంతం. విశేష్యాన్ని అనుసరించి స్త్రీలింగ ఏకవచనంలో నిలిచింది. తెలుగు ‘రాయు’తో దీనికి సంబంధం లేదు, అర్థం దాదాపు విపరీతం. రోమన్లు మైనం పూసిన పలకపై మొనగల పుల్లతో రాసి, దాని చదునైన రెండవ కొసతో మైనాన్ని సవరించి మళ్లీ రాసేవారు. కనుక ‘తబుల రాస’కు పదార్థం ‘తుడిచిన పలక’. ‘ఖాళీ పలక’ అనే అనువాదం ఫలితాన్ని చెబుతుంది, క్రియను చెప్పదు.

అయితే అరిస్టాటిల్ ఉపమానం ఇంకా ఏమీ రాయని పలక. 1690 నాటి గ్రంథంలో జాన్ లాక్ వాడిన ఉపమానం తెల్లకాగితం. అనుభవవాద చర్చలో ‘రాయని పలక’ సముచితం; ఉన్నదాన్ని చెరిపివేసే సందర్భంలో ‘తుడిచిన పలక’ తగినది.

ముగింపు

ఈ భేదం భాషాబోధనకూ వర్తిస్తుంది. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు పిల్లలు ఇంటి మాండలికంతోనే బడిలో అడుగుపెడతారు. వారిని ‘రాయని పలక’గా భావించే బోధన, నిజానికి ‘తుడిచిన పలక’ను తయారుచేస్తుంది.